ఛౌ నృత్యసీమ: మూడు రాష్ట్రముల ఉమ్మడి సొత్తు

జంషెడ్‌పూర్ నగరమునందలి సీతారాండేరా మొదలగు పేటలలో కాపురముండు తెలుగువారికి ఛౌ నృత్యము పేరు క్రొత్తది కాదు. ఏదో యొక ఉత్సవ వేదికపై, ఏ అతిథి గౌరవార్థమో ఏర్పాటు చేసిన సభలో, మహిషాసురుని వధయో మయూర నృత్యమో ఒక పది నిమిషములు చూచి చప్పట్లు చరచి ఇంటికి వచ్చినవారు అనేకులు. కాని ఆ ఆట ఏ ఊరిలో పుట్టినది, ఆ మొగముసుగు ఎవరు చేసినారు, దానిని చూడవచ్చిన వారు వెచ్చించిన రూపాయలలో ఎన్ని అణాలు ఆ పల్లెకు చేరుచున్నవి అని విచారించువారు తక్కువ. పర్యాటకము ఒక పరిశ్రమగా వర్ధిల్లుచున్న ఈ కాలములో విచారింపదగిన ప్రశ్న ఇదియే.

పటము ముందు పెట్టుకొని చూచినచో జంషెడ్‌పూర్ ఈ కథకు ఎంత నడిబొడ్డున నున్నదో తెలియును. నైరుతి దిక్కున సుమారు 40 కిలోమీటర్ల దూరములో, ఖర్కాయి నది యొడ్డున సరాయికెలా పట్టణము గలదు. ఉత్తరమున సువర్ణరేఖ దాటి, దల్మా కొండలను చుట్టి పోయినచో పశ్చిమ బెంగాలులోని పురూలియా జిల్లా. ఆగ్నేయమున ఒడిశాలోని మయూర్‌భంజ్, దాని ముఖ్యపట్టణము బారిపదా. ఈ మూడును ఛౌ నృత్యమునకు పుట్టినిండ్లే. ఏ దిక్కునకు పోయినను ఒక పూట ప్రయాణము. అసలీ నగరము పుట్టుటకే మయూర్‌భంజ్ కారణము. భూగర్భ శాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు 1904లో జమ్‌షెడ్జీ టాటాకు వ్రాసిన లేఖలో గొరుమహిసానీ కొండల ఇనుపరాతి సంగతి తెలిపెను. 1908లో సాక్చి గ్రామమువద్ద కర్మాగార నిర్మాణము ఆరంభమాయెను, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి మన తెలుగువారు బెంగాల్ నాగపూర్ రైలు పట్టుకొని ఇచటికి వచ్చి స్థిరపడుటయు ఆ కర్మాగారము మూలముననే. ఇరుగుపొరుగు రాష్ట్రముల సొమ్ముతో, శ్రమతో పెరిగిన ఊరికి ఇరుగుపొరుగు కళపై కొంత బాధ్యత యుండుట న్యాయము.

ఛౌ ఒక్కటే యనిన మాట నిజము, మూడు అనిన మాటయు నిజము. సరాయికెలా ఛౌ రాజాస్థానపు నీడలో పెరిగినది. అచటి ముసుగు చిన్నది, నునుపైనది, లేతరంగులు పూసినది. ఖర్కాయి మట్టితో అచ్చు చేసి, దానిపై కాగితపు పొరలు, పలుచని బట్ట అంటించి, ఆరిన పిమ్మట రంగులు దిద్దుదురు. ఆ ముసుగులో గాలి యాడదు. అందుచేత నొక్కొక్క నృత్యము కొద్ది నిమిషములలో ముగియవలసినదే. ముఖము కదలదు గనుక భావమంతయు మెడ వంపులో, భుజములో, పాదములో పలుకవలెను. ‘నావిక్’ అను నృత్యములో తుఫాను చిక్కిన పడవవాడును వాని భార్యయు పడు పాట్లు చూచినవారు ఆ ముసుగులు నవ్వినవనియు, ఏడ్చినవనియు ప్రమాణము చేసి చెప్పుదురు. ‘రాత్రి’, ‘చంద్రభాగ’, ‘మయూర’ మొదలగునవి ఇట్టివే.

పురూలియా ఛౌ దీనికి పూర్తిగా వేరు. అది రైతుల యాట. ముసుగు పెద్దది, బరువైనది. నెమలి ఈకలు, పూసలు, జరీ, తళుకులు తలపై ఒక గోపురము వలె లేచియుండును. ఆ బరువు నెత్తిన పెట్టుకొని ఆటగాడు గాలిలో ఎగిరి, బొంగరము వలె తిరిగి, మోకాళ్లపై దిగును. కథలు రామాయణ భారత పురాణములనుండియే: మహిషాసురమర్దని, అభిమన్యు వధ, కిరాతార్జునీయము. ఉత్తరాంధ్రమున తప్పెటగుళ్లు చూచి పెరిగినవారికి ఆ పల్లెజనుల ఒంటి చురుకుదనము చుట్టరికముగా తోచును. మయూర్‌భంజ్ ఛౌలో ముసుగే లేదు. కత్తి, డాలు చేబట్టి చేయు పైకాల యుద్ధసాధననుండి పుట్టిన అడుగులు అందు స్పష్టముగా కానవచ్చును. బారిపదాలో ఉత్తర సాహి, దక్షిణ సాహి అని రెండు పేటలు గలవు. చైత్రమున నీవా నేనా యని పోటీపడి ఆడుట వానికి ఆచారము.

ముగ్గురికిని ఉమ్మడియైనది వాద్యము. ధోల్, ధమ్సా అను పెద్ద నగారా, మహురి అను సన్నాయి. వీనిని వాయించువారు ముఖి, కాలింది, ఘడై, డోమ్ కులములవారు. ముసుగులు చేయువారు సరాయికెలాలో మహాపాత్రులు, మహారాణాలు, పురూలియాలో సూత్రధారులు. రాజకుమారుడు ముసుగు తొడిగినను, కూలివాడు తొడిగినను, నగారా వాయించు చేయి మాత్రము ఊరి చివరి గుడిసెలోనిదే. కీర్తి యంతయు ఆటగానికి పోవుటయు, వాద్యగాని పేరు ఏ కరపత్రములోను కనబడకపోవుటయు ఈ కళ కొక పాత వ్యాధి.

ఇప్పుడు చరిత్ర. రాజుల కాలమున ఈ సీమలకు నడుమ సరిహద్దులున్నను రాకపోకలకు అడ్డు లేకుండెను. మయూర్‌భంజ్ నర్తకులు 1912లో కలకత్తాలో అయిదవ జార్జి చక్రవర్తి యెదుట ఆడిరి. సరాయికెలా సంస్థానములో రాజబంధువైన విజయప్రతాప సింహదేవ్ ఆ నృత్యమును దిద్ది తీర్చెను. 1938లో ఆ రాజకుటుంబమునకు చెందిన సుధేంద్ర నారాయణ సింహదేవ్ మొదలగువారి బృందము ఐరోపా పర్యటించెను. పురూలియా నాటికి మాన్‌భూమ్ జిల్లాలో నొక భాగము. ఆ జిల్లా బీహారుది.

పిమ్మట గీతలు మారినవి. 1948 జనవరి 1న సరాయికెలా, ఖర్సావాఁ సంస్థానములు ఒరిస్సాలో విలీనమాయెను. ఆ దినముననే ఖర్సావాఁ సంతలో విలీనమునకు ఎదురు తిరిగి గుమిగూడిన ఆదివాసులపై కాల్పులు జరిగి అనేకులు మరణించిరి. నేటికిని జనవరి 1 ఆ ప్రాంతమున పండుగ దినము కాదు, స్మారక దినము. 1948 మే 18న ఆ రెండు సంస్థానములు బీహారునకు బదిలీ అయ్యెను. మయూర్‌భంజ్ 1949 జనవరి 1న ఒరిస్సాలో చేరెను. పురూలియా కథ తెలుగువారికి మరింత దగ్గర. మాన్‌భూమ్‌లోని వంగభాషీయులు టుసు పాటలు పాడుచు సత్యాగ్రహము చేసిరి. 1956 వేసవిలో పాక్‌బిర్రా గ్రామమునుండి కలకత్తాకు కాలినడకన పోయిరి. తుదకు 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన ఆ దినముననే, పురూలియా జిల్లాయై పశ్చిమ బెంగాలులో చేరెను.

ఆ విభజనలో జంషెడ్‌పూర్ పాలు చిన్నది కాదు. మాన్‌భూమ్ అంతయు బెంగాలునకు పోలేదు. ఉక్కు నగరపు నీటి యవసరములను పురస్కరించుకొని పటమదా, చాండిల్, ఇచాగఢ్ ప్రాంతములను బీహారులోనే యుంచిరి. దల్మా పాదమున నున్న డిమ్నా చెరువు నీరు ఈ నగరవాసులు త్రాగునదే. కాని చాండిల్, ఇచాగఢ్ పల్లెలలో ఆడునది సరాయికెలా ఛౌ కాదు, అదే పురూలియా వరుస. దానిని నేటికిని మాన్‌భూమ్ ఛౌ అనియే పిలుతురు. అనగా సీతారాండేరా కొళాయిలో నీరు వచ్చుట కొరకు గీసిన గీత ఒక నాట్యమును రెండుగా కోసినది. 2000 నవంబరు 15న జార్ఖండ్ ఏర్పడినప్పుడు ఆ గీత అట్లే నిలిచెను.

సంస్థానములు పోవుటతో రాజపోషణ పోయెను. సరాయికెలాలో 1960 ప్రాంతమున ప్రభుత్వ ఛౌ నృత్య కేంద్రము స్థాపింపబడెను. పురూలియా ఛౌను పరిశోధకుడు ఆశుతోష భట్టాచార్య పల్లెనుండి వెలికి తెచ్చి ఢిల్లీకిని, విదేశములకును పరిచయము చేసెను. బిరుదులు వచ్చినవి. గంభీర సింగ్ ముఢాకు 1981లో పద్మశ్రీ. సరాయికెలాలో సుధేంద్ర నారాయణ సింహదేవ్‌కు 1992లో, కేదారనాథ సాహుకు 2005లో, మకరధ్వజ దారోఘాకు 2011లో పద్మశ్రీ లభించెను. 2010లో యునెస్కో ఛౌ నృత్యమును మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చెను. ఆ పట్టికలో మూడు రాష్ట్రముల పేర మూడు నమోదులు లేవు. ఛౌ యని ఒక్కటే మాట. ఢిల్లీ కార్యాలయములలో పనిచేయువారికి మూడు రాష్ట్రములను ఒక్క కాగితముపై సంతకము చేయించుట ఎంత పనియో తెలియనిది కాదు. ఆ యొక్క కాగితముపై అది సాధ్యమైనది.

బిరుదులు వ్యక్తులకు వచ్చును. పల్లెకు అన్నము పెట్టునది వేరు. ఈ విషయమున చూడదగినది బాఘ్‌ముండి సమీపమున, అయోధ్య కొండల క్రింద నున్న చరిదా గ్రామము. అది ముసుగుల ఊరు. వీథికి రెండు వైపుల ఇండ్లు, ప్రతి యింటి ముంగిలియు ఒక కార్ఖానా, ఒక దుకాణము. తండ్రి మట్టి మూస దిద్దుచుండ తల్లి కాగితము అంటించును, కొడుకు కన్నులు వ్రాయును. పూర్వము ఆటల కాలమునకు ముందు కొద్ది నెలలు మాత్రమే వారికి పని. కొనువారు నృత్య బృందములే. కలకత్తాలోని బంగ్లానాటక్ డాట్ కామ్ అను సంస్థ 2005నుండి పురూలియా ఛౌ మొదలగు జానపద కళలవారికి శిక్షణ నిచ్చి, బృందములను కూర్చి, కళనే జీవనోపాధిగా మలచుటకు పూనుకొనెను. తరువాత పశ్చిమ బెంగాలు ప్రభుత్వము యునెస్కో తోడ్పాటుతో గ్రామీణ హస్తకళా కేంద్రములు నెలకొల్పినప్పుడు చరిదా అందు చేరెను. గోడకు తగిలించుకొనుటకు వీలగు చిన్న ముసుగులు చేయుట, ఊరిలోనే శీతకాలపు మేళా జరుపుట, వచ్చినవారికి పని చూపించి అమ్ముట అలవాటైనవి. 2018లో పురూలియా ఛౌ ముసుగుకు భౌగోళిక గుర్తింపు లభించెను.

చరిదాలో జరిగినది పెద్ద ఆశ్చర్యము కాదు, గాని అందొక కీలకము గలదు. యాత్రికుడు ఊరికి వచ్చుచున్నాడు. ముసుగు చేసినవాని యింటి అరుగుపై కూర్చుండి, వాని చేతికే డబ్బు ఇచ్చుచున్నాడు. నడుమ దళారి లేడు. దీనితో పోల్చినప్పుడు, నగరపు హోటలు వారు సాయంకాలపు విందునకు ఒక బృందమును పిలిపించి, గంట సేపు ఎగిరించి, కొద్ది సొమ్ము చేతిలో పెట్టి లారీ యెక్కించుట వేరొక విధము. రెండింటిని పర్యాటకమనియే లెక్క వ్రాయుదురు. మొదటిదానిలో పల్లె యజమాని, రెండవదానిలో పల్లె కూలి. రాత్రి తెల్లవార్లు ఆడవలసిన కథను విందు నడుమ ముక్కచేసి చూపుట వలన కళకు జరుగు హాని చెప్ప నవసరము లేదు. నాలుగైదు సంవత్సరములు అట్లు ఆడిన కుర్రవానికి మిగిలిన కథ మరపునకు వచ్చును.

సరిహద్దు గీత ఇచటనే బాధించును. పశ్చిమ బెంగాలు ప్రభుత్వము 2014లో లోకప్రసార్ అను పథకము పెట్టి జానపద కళాకారులకు నెలకు 1000 రూపాయల భృతియు, ప్రభుత్వము ఆడించిన ఆటకు విడిగా పారితోషికమును ఏర్పరచెను. మంచి పని. కాని అది ఆ రాష్ట్రపు కళాకారులకే. బాఘ్‌ముండిలో మహిషాసురుడు భృతికి అర్హుడు. ఇచాగఢ్‌లో అదే ముసుగు తొడిగి, అదే నగారాకు ఎగురు మహిషాసురుడు ఆ రాష్ట్రపు ప్రజ కాడు. భౌగోళిక గుర్తింపు సైతము పురూలియా పేరనే యున్నది. ఎవరిని తప్పుపట్టుటకు లేదు. ఏ ప్రభుత్వమైనను తన ప్రజ పేరనే పద్దు వ్రాయును. రాష్ట్రములు కూడి మాటలాడు చోటు లేనప్పుడు జరుగునది ఇదియే.

ఇట్టి చిక్కు మన తెలుగు నేలమీద కూడ గలదు. అరకులోయలో యాత్రికుల యెదుట ఆడు ధింసా నృత్యము ఆంధ్రులది మాత్రమే యనుకొందురు. కొరాపుట్ కొండలలో అదే ధింసా, అదే వరుస కట్టి, ఒకరి వీపు వెనుక నొకరు చేతులు చేర్చి ఆడుదురు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడునంతవరకు అదంతయు విశాఖపట్టణము ఏజెన్సీయే. వాద్యముల పేర్లు చూచినను చుట్టరికము తేటపడును. సరాయికెలాలో మహురి, కొరాపుట్‌లో మహురి, అరకులో మోరి. బైలడిలా ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చుటకై 1960 దశకమున వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము ఆంధ్రదేశమునుండి ఒడిశా మీదుగా నేటి ఛత్తీస్‌గఢ్ చేరును. ఇనుము కొరకు పుట్టిన ఆ దారిలోనే నేడు యాత్రికులు అరకునకు పోవుచున్నారు. 2017లో అద్దపు పైకప్పు గల పెట్టెను కూడ ఆ బండికి తగిలించిరి. బొర్రా గుహలున్న అనంతగిరి మండలపు పల్లెలలో గనుల కౌళ్లపై సమత అను సంస్థ వ్యాజ్యము వేయగా, 1997లో సర్వోన్నత న్యాయస్థానము షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు కౌలుకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పెను. గనుల నికర లాభములో కనీసము 20 శాతము ఆ ప్రాంతపు నీటికి, బడులకు, ఆసుపత్రులకు, దారులకు వెచ్చింపవలెనని కూడ అందు కలదు. అది గనుల విషయము. గుహలు చూడవచ్చు యాత్రికుని రుసుమునకు అది వర్తింపదు. అయినను రాయి తీసినను, రాయి చూపించినను ఊరి వాటా ఊరికి చెందవలెనను న్యాయము ఒక్కటియే.

పోచంపల్లి మరియొక తార్కాణము. 1951లో వినోబా భూదానమునకు శ్రీకారము చుట్టిన ఆ చేనేత గ్రామము, కేంద్ర పర్యాటక శాఖ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమముతో కలసి నడపిన గ్రామీణ పర్యాటక పథకములో చేరెను. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నుకొనెను. నేతగాని మగ్గము వద్దకు కొనువాడు నడచి వచ్చుటయే అచటి విశేషము. చరిదా అరుగు, పోచంపల్లి మగ్గపు గుంట ఒకే పాఠము చెప్పుచున్నవి. జంషెడ్‌పూర్‌నకు సమీపమున ధాల్‌భూమ్‌గఢ్ వద్ద నున్న ఆమాదుబి గ్రామమున పైట్‌కర్ చిత్రకారులు పటములు వ్రాసి కథలు పాడుదురు. గ్రామీణ పర్యాటకము అచటికిని వచ్చినది. కాని నగరవాసులలో ఆ ఊరి దారి తెలిసినవారెందరు?

రాష్ట్రముల సహకారమునకు చట్టములో చోటు లేక కాదు. 1956 రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టమే మండల పరిషత్తులను కూడ ఏర్పరచినది. తూర్పు మండల పరిషత్తులో బీహారు, జార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాలు సభ్యులు. విడదీసిన కాలమే కూడి కూర్చుండుటకు చాపయు పరచి యుంచినది. 1985లో కలకత్తాలో తూర్పు మండల సాంస్కృతిక కేంద్రము వెలసినది. జలవివాదములు, సరిహద్దు తగవులు చర్చించు సభలో నగారా ప్రస్తావన వచ్చినచో మర్యాదకు లోపము లేదు.

అడుగవలసినవి కూడ పెద్ద కోరికలు కావు. మొదటిది ఉమ్మడి పంచాంగము. సరాయికెలాలోను బారిపదాలోను చైత్ర పర్వము ఏప్రిల్ నడుమ, సంక్రమణము నాటికి ముగియును. పురూలియా పల్లెలలో ఆటలు అప్పుడే పుంజుకొని జ్యేష్ఠము వరకు సాగును. కనుక ఒక యాత్రికుడు జంషెడ్‌పూర్‌లో దిగి, మొదట రాజవీథి ఛౌ, పిదప రైతు ఛౌ చూచి పోవుటకు ప్రకృతియే వరుస కుదిర్చినది. ఆ తేదీలు మూడు రాష్ట్రముల కరపత్రములలోను ఒకే పట్టికగా అచ్చుపడవలెను. రెండవది, ఆటకు కనీస పారితోషికము మూడు చోట్ల ఒకే విధముగా నిర్ణయించి, అందు వాద్యగాని వాటా విడిగా పేర్కొనుట. మూడవది కష్టమైనది. కొండ క్రింద హోటళ్లు మాత్రమే లేచి, చరిదా యువకుడు తన ఊరిలోనే వడ్డన పనివాడుగా మారకుండ చూచుట. యాత్రికుల రద్దీతో పాటు ప్లాస్టికు చెత్తయు, అడవి నరకుటయు, చెలమల నీరు చాలకపోవుటయు వచ్చును. దల్మా ఏనుగులు ఏటేటా సరిహద్దు దాటి బెంగాలు వరిచేలకు పోవుచునే యున్నవి. వాని దారిలో గోడలు లేచినచో నష్టపడువాడు హోటలు యజమాని కాదు, పంట పండించు రైతు.

ఛౌ నేర్చువారు తగ్గుచున్నారను మాట తరచు వినబడును. అది సగము నిజము. పురూలియాలో ఇటీవల ఆడపిల్లల బృందములు సైతము బయలుదేరినవి. పురుషులకే పరిమితమైన ఆటలో ఇది పెద్ద మార్పు. బరువైన ముసుగు తొడిగి మోకాళ్లపై దిగుటకు వారు వెనుదీయలేదు. వారికి వలసినది వేసవి దాటిన తరువాత కూడ పని, ఆడిన రాత్రికి తగిన కూలి.

జంషెడ్‌పూర్‌నుండి సరాయికెలాకు చైత్ర పర్వపు రోజులలో పోవుట సులభము. మధ్యాహ్నము బయలుదేరినచో చీకటి పడునప్పటికి చేరవచ్చును, నగారా మ్రోత వినబడిన దిక్కునకు నడచిన చాలును. చరిదాకు శీతకాలమున పోవుట మేలు. ముసుగు కొనునప్పుడు అది ఏ పాత్రయో, ఎన్ని పొరలు వేసిరో, కన్నులు ఎవరు వ్రాసిరో అడిగినచో ఆ యింటివారు పని ఆపి సంతోషముగా చెప్పుదురు. పెద్ద కిరీటము గల దుర్గ ముసుగు బస్సులో పట్టదు, ఈకలు విరుగును. గణపతి ముసుగు చిన్నది దొరకును.